దాలిలో వండిన శనివారపు కోడి

ఇజ్రాయెల్‌లో ఆరేళ్ళు ఒక పెద్దావిడను చూసుకున్నాను. గనిలో పనిచేసే మా ఆయనకు నడుము దెబ్బతిని తేలికపాటి డ్యూటీకి మారిస్తే, ఇంట్లో ఎవరో ఒకరు బయలుదేరాల్సి వచ్చింది. నేను బయలుదేరాను. ఆ పెద్దావిడ బాగ్దాద్‌లో పుట్టి, పెళ్ళీడులో కుటుంబంతో ఇజ్రాయెల్ చేరిన మనిషి. నేను ఆమెను సవ్తా అనేదాన్ని. వాళ్ళ భాషలో నాయనమ్మకూ అమ్మమ్మకూ ఒకటే మాట. ఆమె నన్ను బింతీ అనేది. అది వాళ్ళ బాగ్దాద్ అరబ్బీ. నా కూతురా అని.

వెళ్ళిన కొత్తలో ఒకరోజు, మన ఇళ్ళలో చేసినట్టే కోడికి పెరుగు పట్టించాను. సవ్తా చేతికర్ర ఆనించుకుంటూ వంటింట్లోకి వచ్చి చూసి, గిన్నెతో సహా బయట పారెయ్యమంది. మాంసాన్నీ పాలనూ కలపడం యూదులైన వాళ్ళకు నిషిద్ధం. గిన్నెలు కూడా వేరువేరు. నాకు ఏడుపొచ్చింది. ఆమె అది చూసి, కుర్చీ జరుపుకుని పొయ్యి పక్కన కూర్చుంది. "ఇటు రా బింతీ, నేను చెప్తాను, నువ్వు చెయ్యి" అంది. అప్పటికి ఆమె చేతులు వణికేవి. తర్వాత ఆరేళ్ళూ ఆమె చెప్పింది, నేను చేశాను.

అన్నిటికంటే ఎక్కువసార్లు చేసింది త్బీత్. తోలు తియ్యని కోడి కడుపులో బియ్యం, టమాటా, మసాలా కూరి, దారంతో కుట్టి, నూనెలో నాలుగు వైపులా ఎర్రగా కాల్చాలి. చుట్టూ ఇంకాస్త బియ్యం, నీళ్ళు పోసి, పైన పచ్చి గుడ్లు పెంకుతో సహా పెట్టి, మూత బిగించాలి. శుక్రవారం పొద్దు గుంకేలోపు అది కరెంటు వేడిపలక మీదికి ఎక్కేది. శనివారం వాళ్ళకు విశ్రాంతి దినం, నిప్పు ముట్టించరు. అందుకని రాత్రంతా సన్న వేడి మీద అదే ఉడుకుతుంది. పొద్దున మూత తీస్తే గుడ్లు కాఫీరంగుకు తిరిగి ఉంటాయి. వాటిని వేయించిన వంకాయ ముక్కలతో, పసుపు రంగు మామిడికాయ ఊరగాయతో తినేవాళ్ళం. ఆ ఊరగాయ పేరు అంబా. "ఇది మీ దేశం నుంచే మా బాగ్దాద్‌కు వచ్చింది" అనేది సవ్తా. నేను ఆవకాయ సంగతి చెప్తే, కారం ఎంత వేస్తారో విని చేత్తో నోరు మూసుకుని నవ్వేది.

ఆమెకు తొంభై దాటాక కూతురు తన ఇంటికి తీసుకెళ్ళింది. నేను బూర్గంపాడు వచ్చేశాను. రెండేళ్ళకు సవ్తా పోయింది. ఫోన్‌లో చెప్పారు. ఆ రోజు నేను వంట చెయ్యలేదు.

ఏడాది నిండబోతుండగా సవ్తా కూతురు వీడియో కాల్ చేసింది. అమ్మ సంవత్సరీకానికి అన్నదమ్ములంతా వస్తున్నారని, త్బీత్ పెడదామని రెండుసార్లు చేసి చూశానని చెప్పింది.

"అన్నం ముద్దవుతోంది. అమ్మ వంట వాసన రావడం లేదు. నేనెప్పుడూ నేర్చుకోలేదు. నీకు తప్ప ఎవరికీ తెలియదు."

కొలతలు నాకూ తెలియవు. చేతికి తెలుసు, అంతే. "చేసి చూసి చెప్తాను" అన్నాను.

మొదట గ్యాస్ మీద సిమ్‌లో పెట్టాను. పొద్దున పెట్టి మధ్యాహ్నం తీస్తే అడుగంతా బొగ్గయింది. మా అత్తమ్మకు ఎనభై ఏళ్ళు, పళ్ళు లేవు, మాట మాత్రం గట్టిది. వాసన పట్టుకుని వచ్చింది.

"ఏందే గది? కోడినంత కోడిని మాడబెట్టినవ్."

సంగతంతా చెప్పాను. రాత్రంతా ఉడకాలి, కానీ ఉడుకుతున్నట్టు కనపడకూడదు అన్నాను.

"గట్లయితే దాలి కావాలె గని గ్యాస్ ఎందుకు? పాలు కాగబెట్టినట్టు కాగబెట్టు."

దాలి అంటే పిడకలు రాజేసి పాలకుండ పెట్టే గుంత. మాకు బర్రెలు పోయాక పెరట్లో అది పూడిపోయింది. అత్తమ్మ కట్టె పట్టుకుని నిలబడి చూపిస్తే, మా ఆయన నడుము పట్టుకుంటూనే మట్టి తీశాడు. పక్కింట్లో పిడకలు అడిగి తెచ్చాను.

మసాలాకు భద్రాచలం వెళ్ళాను. మా ఊరు నుంచి గోదావరి వంతెన దాటితే చాలు. అక్కడ తాతల నాటి నుంచీ సుగంధ ద్రవ్యాలు అమ్మే ముస్లిం కుటుంబం కొట్టు ఉంది. యాలకులు, చెక్క, లవంగాలు తీసుకుని, ఎండు గులాబీ రేకులు అడిగాను.

"బిర్యానీలకా బేటీ?" అన్నాడు కొట్టు పెద్దాయన.

"కాదు చాచా, కోడి కడుపుల పెట్టనీకి." యూదుల వంట అని చెప్పాను. రాత్రంతా నిప్పుల మీద ఉంటుందన్నాను.

ఆయన ఆసక్తిగా విన్నాడు. "మా నానీ మేకకాళ్ళ పాయా గట్లనే పెడుతుండె. మూతకు పిండి పూసెయ్, ఆవిరి పోదు" అన్నాడు.

శనివారం వాళ్ళ ఇంట్లో ఫోన్ ముట్టరు. అందుకని మంగళవారం సాయంత్రం చేశాను. ఫోన్ నీళ్ళ బిందెకు ఆనించి పెడితే, అక్కడ కూతురు పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చుంది. నేను పిడికిలితో బియ్యం కొలిస్తే, నా పిడికిలి ఎంత ఉంటుందో చూపించమంది. మసాలా నూరి, చివర రేకులు నలిపి వేస్తుంటే ఆపింది.

"అవేమిటి?"

"గులాబీ. నువ్వు వెయ్యలేదా?"

"ఏ గులాబీ?"

"సవ్తా టీ డబ్బాలో దాచేది కదా. గురువారాలు మసాలా నూరేటప్పుడు నాచేత చిటికెడు వేయించేది."

"గురువారాలు నేను ఆఫీసులో ఉండేదాన్ని" అంది ఆమె. పుస్తకంలో రాసుకుంది. రాస్తూ కళ్ళు తుడుచుకుంది. నేను కోడిని కుట్టడం మొదలుపెట్టాను.

రాత్రంతా దాలిలో ఉంచి, పొద్దున మూతకు పూసిన పిండి పగలగొట్టి తీశాను. అన్నం పొడిపొడిగా లేదు, ముద్దగానూ లేదు, సరిగ్గా ఎలా ఉండాలో అలా ఉంది. గుడ్లు రంగు తిరిగాయి. అక్కడింకా తెల్లవారుతోంది. కూతురు రాత్రి బట్టల్లోనే గుడ్డు దగ్గరగా చూపించమంది. "అదే, అదే రంగు" అంది.

అత్తమ్మ రెండుసార్లు పెట్టించుకుంది. "నమలే పనే లేదు" అని ఆమె సంతోషం. మా ఆయన రెండు ముద్దలు తిని, కారప్పొడి డబ్బా అందుకున్నాడు.

సంవత్సరీకం అయిన మర్నాడు, ఆదివారం, కూతురు ఫోన్ చేసింది. తల్లి ఉన్నప్పటి నుంచే తనతో మాటల్లేని పెద్దన్న కూడా వచ్చాడట. అందరూ లేచాక వంటింట్లోకి వెళ్ళి, గిన్నె అడుగున కరకరలాడే అన్నం చెంచాతో గీరుకుంటూ నిలబడ్డాడట. తనూ ఒక చెంచా తీసుకుని పక్కన నిలబడ్డానని చెప్పింది. "ఉప్పు కొంచెం తగ్గింది అన్నాడు. నాతో అన్నాడు" అంది.

తర్వాత తను రాసుకున్నదంతా మొదటి నుంచీ చదివి వినిపించింది. రెండుచోట్ల దిద్దాను. ఉప్పు దగ్గర ఒకసారి, కోడిని ఎంతసేపు కాల్చాలో దగ్గర ఒకసారి. మిగతాదంతా సరిగ్గానే ఉంది.