మారక్క సాక్ష్యం

మారక్క కుడిచేతి నాలుగు వేళ్ళు ప్రెస్ మిషను కింద నలిగిపోయిన మధ్యాహ్నం, పక్క మిషను దగ్గర ఉన్నది హేమావతి ఒక్కతే. అందుకే మారక్కకు మొదట్లో పెద్ద భయం కలగలేదు. వేళ్ళు పోతే పోయాయి, ఎట్లా పోయాయో చెప్పడానికి మనిషి ఉంది కదా అనుకుంది.

ఇద్దరిదీ వేప్పనపల్లి దగ్గర ఒకటే ఊరు. వానల్లేక రాగి చేను ఎండిపోయి, గొర్రెల్ని అమ్ముకున్న ఏడు మారక్క హోసూరు కంపెనీలో పనికి చేరింది. బండ్లకు కావలసిన రేకు సామాను చేస్తారక్కడ. తరువాత హేమావతిని కూడా బతిమాలి చేర్పించింది తనే. ఆ పిల్లకు కడుపు పోయి నిలబడలేకున్న రోజుల్లో ఆమె వంతు పని కూడా తనే చేసిపెట్టింది.

ఆ వరసలో ప్రతి మిషను ముందూ ఒక లైటు ఉండేది. చెయ్యి ఆ వెలుగుకు అడ్డం వస్తే మిషను దానంతటదే ఆగిపోతుంది. మాటిమాటికీ ఆగిపోతుంటే పని సాగడం లేదని సూపర్‌వైజరు మోహన్‌రాజ్ ఆ వరసంతా లైట్ల వైర్లు పీకేశాడు. ఇద్దరి కళ్ళముందే పీకాడు. "చెయ్యి పోతే ఎట్ల, అన్నా?" అని అడిగింది కూడా హేమావతే.

కంపెనీ విచారణలో ఆ హేమావతే, "లైటు వెలుగుతానే ఉన్నింది సార్. అక్కే తొందరపడి చెయ్యి పెట్టేసింది" అంది. పిల్ల భయంలో తడబడింది, ఇప్పుడు సర్దుకుంటుందని మారక్క ఆమె వైపే చూస్తూ కూర్చుంది. హేమావతి లేచి వెళ్ళిపోయింది. నష్టపరిహారం కోసం మారక్క కృష్ణగిరిలో వేసిన కేసు కూడా ఆ మాట మీదే కొట్టుకుపోయింది.

కొన్నాళ్ళకు కొళాయి దగ్గర ఎదురుపడితే మారక్క ఆపి అడిగింది.

"ఏంటికే అట్ల చెప్పినావు? నీకు నేనేం తక్కువ చేసినాను?"

"నువ్వేం తక్కువ చేయలేదక్కా. నిజం చెప్పింటే నీ వేళ్ళు తిరిగొస్తాయా? నా పని మాత్రం పోయుండేది. నా జాగాలో ఉంటే నీకూ తెలిసేది."

మారక్క బిందె చంకనెత్తుకుని వచ్చేసింది. ఇంటికొచ్చాక, ఎడమచేత్తో సంగటి కెలకలేక కెలుకుతూ, ఎన్నో జవాబులు చెప్పుకుంది.

మరుసటి ఏడు మామిడికాయల కాలంలో హేమావతి చెయ్యి కూడా పోయింది. అదే వరసలో, అట్లాంటి మిషను కిందే.

"దేవుడుండాడు చూడు. చేసింది ఊరికే పోతుందా?" అంది మారక్క అత్త. ఊరంతా అదే మాట. అబద్ధమెందుకు, ఆ పూట మారక్క కడుపునిండా తినింది. ఆస్పత్రికి పోయింది కూడా చూసి రావడానికే, చూసి తృప్తి పడడానికే.

మణికట్టు దాకా గుడ్డ చుట్టిన ఆ చేతిని చూశాక తృప్తి రాలేదు. వైరు పీకిన మోహన్‌రాజ్‌కు గీత కూడా పడలేదు. ఇంకా పెద్ద ఉద్యోగానికి పోయాడు. ఇది దేవుడి లెక్క ఎట్లా అవుతుంది? ఎవరు అబద్ధం చెప్పారో మిషనుకేం తెలుసు? ఆ వైర్లను మళ్ళీ ఎవరూ తగిలించలేదు, అంతే.

హేమావతి మొగుడు యతీశ్ ఇంటికొచ్చి గడపలోనే నిలబడ్డాడు. "మా కేసులో సాక్ష్యం చెప్పమని అడిగే ముఖం లేదక్కా మాకు. లైటు సంగతి చూసినదానివి నువ్వొక్కదానివే."

అతను పోయాక మారక్క భర్త రామకృష్ణప్ప మండిపడ్డాడు. "గమ్మునుండు. ఆయమ్మ నీకు చెప్పిందా?"

"చెప్పలేదు."

"మరి నువ్వేంటికి పోవాల?"

"పీకింది చూసినాను కదా."

అంతకన్నా మంచి కారణం ఆమెకూ దొరకలేదు. కృష్ణగిరికి పోయి చూసింది చూసినట్టు చెప్పింది. కంపెనీ వకీలు లేచి, లైటు వెలుగుతుండేదని కంపెనీ విచారణలో ఈ హేమావతే చెప్పింది కదా, ఇద్దరిలో ఎవరిది అబద్ధమని అడిగాడు. హేమావతి తల వంచుకుని, "అప్పుడు నేను చెప్పిందే అబద్ధం సార్" అంది. మారక్క ఏడాదికి పైగా వినాలనుకున్న మాట అది.

హేమావతి కేసు గెలిచింది. తీర్పు విన్నాక మారక్క హేమావతి వకీలును పట్టుకుంది.

"మరి నాది సార్?"

"అది ముగిసిపోయిందమ్మా. మళ్ళీ అడిగే గడువు కూడా దాటిపోయింది. ఇవన్నీ అప్పుడే చెప్పుండాల్సింది."

"అప్పుడూ ఇదే చెప్పినాను సార్."

వకీలు కాగితాలు సర్దుకుని బయటికి నడిచాడు.

బస్టాండులో హేమావతి వెనకే వచ్చి, "తప్పయిపోయిందక్కా" అని ఏడ్చింది. ఫరవాలేదని మారక్క అనలేదు. అనాలని కూడా అనిపించలేదు. వేప్పనపల్లి బస్సు రాగానే ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కి, ఎవరో ముసలామె పక్కన కూర్చుంది. హేమావతికి సీటు దొరకలేదు. కుందారపల్లిలో ముసలామె దిగిపోయింది. మారక్క ఒకసారి వెనక్కి చూసింది. హేమావతి ఉన్న ఒక్క చేత్తో పట్టుకుని, బస్సు కుదుపుకు తూలుతోంది. మారక్క పిలవలేదు. ఆమె రాలేదు. ఊరొచ్చేదాకా ఆ సీటు ఖాళీగానే ఉంది.