సంగారెడ్డికి వచ్చిన రైలు

మా పక్కింటి డ్రాయింగు సారు పోయారు. పటాన్‌చెరులో డ్యూటీ దిగి పటేల్‌గూడ ఆటో ఎక్కుతుంటే మా ఆవిడ ఫోన్ చేసి, "సారు లేడు, జల్దీ రా" అంది. దారంతా ఎవరు ఏం మాట్లాడారో నాకు తెలియదు.

సారు సొంతూరు సంగారెడ్డి; అక్కడి బడిలోనే పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పి రిటైరయ్యారు. సంగారెడ్డికి రైలు లేదు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని వింటూనే ఆయన జుట్టు తెల్లబడింది. చివరికి, "ఆళ్లు తెచ్చేదాక ఏం కూసుంటం, మనమే తెద్దాం" అని ముందుగదిలో బల్ల మీద బొమ్మ రైలుకు పట్టాలు పరిచారు. అట్టతో స్టేషను కట్టి, బోర్డు మీద ఊరి పేరు తన చేత్తోనే రాశారు. ఇక పెట్టెల కిటికీల్లో దీపాలు వెలగాలని పట్టుబట్టారు. "లైట్లు లేకుంటే అది గూడ్సు బండి" అనేవారు.

ఆ దీపాల కోసం నా స్కూటర్ వెనక కూర్చుని ఆయన నన్ను తిప్పని బజారు లేదు. మొదట ఒక బొమ్మల దుకాణంలో, "సన్న బుగ్గలున్నయా, పసుపువి?" అన్నారు. మా దగ్గర కరెంటు బల్బూ బుగ్గే, పిల్లలు ఊదేదీ బుగ్గే. దుకాణదారు పుట్టినరోజు బుగ్గల ప్యాకెట్ చేతిలో పెట్టాడు. సారు కోప్పడితే కదా! ఒకటి ఊది నా స్కూటర్ అద్దానికి కట్టి, "పా, ఇంకో దుకాణం" అన్నారు. ముంబై రోడ్డు మీద లారీలవాళ్లంతా నన్నే చూశారు.

చివరికి సీరియల్ లైట్ల దండలో బియ్యపుగింజంత ఎల్‌ఈడీలు దొరికాయి. అన్నీ తెల్లవే. "గిది దవాఖాన లైటు" అని, సన్న కుంచెతో ఒక్కొక్కదానికి పసుపు రంగు పూశారు. రైలు కిటికీకి ఏ రంగుండాలో సరిగ్గా అదే వచ్చింది. ఎలా కలిపారో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఒక మధ్యాహ్నం గది చీకటి కావాలని గది కిటికీలకు దుప్పట్లు కట్టి స్విచ్చు వేశారు. స్టేషను నుంచి వెలుగుతూ వెళ్లిన బండి, వెనక్కి నడిపితే చీకట్లో వచ్చింది. వెనక్కి నడపాలంటే పట్టాల్లో కరెంటు దిక్కు మార్చాలి. ఎల్‌ఈడీ ఒక్క దిక్కు కరెంటుకే వెలుగుతుందని మాకిద్దరికీ తెలియదు.

"పోయేటప్పుడు వెలిగితే సాలదా సారూ?" అన్నాను.

"పోయేటోళ్లు ఎట్లైనా పోతరు. మనూరికి వచ్చేటోళ్లు చీకట్ల రావొద్దు" అని పెట్టెలన్నీ విప్పారు. ప్రతి దీపం పక్కన ఇంకో దీపాన్ని తిరగేసి అతికారు. ఒక్కదాన్నీ నన్ను ముట్టనివ్వలేదు.

మళ్లీ దుప్పట్లు కట్టాం. ఈసారి బండి వంపు తిరిగి, కిటికీలన్నీ వెలిగించుకుని, సంగారెడ్డి స్టేషన్లోకి వచ్చి ఆగింది. అరచేయంత పెట్టెల రైలుకు దండం పెట్టాలనిపించింది. అంత గొప్ప మనిషి పక్కన బతికానని ఇప్పుడు చెప్పుకోవడమే నాకు మిగిలింది.

సారు భార్యను పెద్దమ్మా అంటాను. ఆ రోజు ఆమె వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ వెలుగు ముఖాన పడేంత దగ్గరికి వంగి, పెట్టెలోకి చూసింది.

"సీటున్నదా?" అని అడిగింది.

సారు బండిని కదల్చలేదు. "ఎక్కు. నీకోసమే ఆపిన" అన్నారు.