లండన్ ఆమెకు సిస్టరమ్మ కొట్టించిన జవాబులు

దయ్యాలంటే నాకు నవ్వులాట. పుంగనూరులో మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందని తాయెత్తు కడుతుంటే, ముందు జ్వరం మాత్ర వేయండయ్యా అని తిట్టిపోసేవాణ్ణి. ఇప్పుడూ తిడతాను. ఈ ఒక్క సంగతి దగ్గరే నా నోరు లేవదు.

2005 ప్రాంతంలో మదనపల్లెలో నాకు ఆరు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటరు ఉండేది. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన శాంతమ్మగారు కువైట్‌లోని చెల్లెలికి మెయిల్ కొట్టించడానికి వచ్చేవారు. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేది. ఆమె తెలుగులో చెబితే నేను నాకొచ్చిన ఇంగ్లీషులో కొట్టేవాణ్ణి.

ఒకరోజు ఆమెకు కొత్త మెయిల్ వచ్చింది. లండన్ ఆస్పత్రిలో కేన్సర్‌తో మంచాన ఉన్న విధవరాలట. పిల్లల్లేరట. ఆస్తంతా దేవుని పనికి ఇస్తుందట, ముందు వకీలు ఫీజు మనం పంపాలట. ఇలాంటివి బోలెడు చూశాను, మోసమమ్మా అన్నాను. ఆస్తి మాట ఆమెకు పట్టనే లేదు.

"అది సరేప్పా, ఆమె పక్కన ఎవురుండారో అడుగు. నొప్పికి ఏమిస్తాండారో అడుగు" అన్నారు.

అట్లా మూడు జవాబులు కొట్టించారు. మూడోది నాకు బాగా గుర్తు. "అమ్మా, ఎడమ పక్కకు తిరిగి పడుకోవద్దు, భుజం మీది పాత కాలిన మచ్చ ఒరుసుకుంటాది. దిండు పడకపోతే నీ నీలం చీరే మడిచి తల కింద పెట్టమను."

నాకు ఒళ్లు మండింది. లండన్ దొరసానికి నీలం చీర యాడిదమ్మా అన్నాను. "నువ్వు కొట్టప్పా" అన్నారు. కొట్టాను.

ఆ వారమే, చావబోయే మనిషి కోరిక తీరాలని, ఫీజు కోసం మెడలో గొలుసు అమ్ముతానన్నారు. ఆమెకున్న బంగారం అదొక్కటే. ఇక మాటలతో కాదు, వాడెవడో పట్టి చూపించాలనుకున్నాను.

ప్రతి మెయిల్ వెనకా అది వచ్చిన దారంతా వరసలుగా రాసి ఉంటుంది. తెరిచి చూడటం తెలియాలంతే. అది బయలుదేరిన చోటు నంబరు అట్టడుగున ఉంటుంది. ఆ నంబరు ఎక్కడో చూసినట్టు అనిపించింది. కుప్పంలో సెంటరు నడిపే నా స్నేహితుడు మునిరత్నం పాత మెయిల్ తీసి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే! లండనూ లేదు గిండనూ లేదు, ఆ దొరసాని మునిరత్నం సెంటర్లో కూర్చుని ఉంది.

ఫోన్లో మెయిల్ వచ్చిన టైములు చెప్పగానే మునిరత్నం మనిషిని గుర్తుపట్టాడు. మర్నాడు బస్సెక్కి కుప్పం పోయాను. నలభై ఏళ్ల మనిషి, పేరు గోవిందప్ప. గ్రానైట్ ఫ్యాక్టరీలో పని పోయి, తనకొచ్చిన మోసం ఉత్తరాన్నే పేరు మార్చి పది మందికి పంపాడు. కొడదామని చెయ్యెత్తాను. వాడు అడ్డం పెట్టుకోలేదు.

"కొట్టన్నా, తప్పు నాదే. ఆ జవాబు రాసిన తల్లికి మాయమ్మ సంగతి ఎవురు చెప్పినారో అది మాత్రం చెప్పు."

వాళ్లమ్మ మూడేళ్ల క్రితం రామకుప్పం దగ్గర పల్లెలో కేన్సర్‌తో పోయింది. ఎడమ భుజం చిన్నప్పుడు సంగటి ఎసరు పడి కాలింది. దిండు గిట్టక నీలం చీర మడిచి పెట్టుకునేది. ఆమె మదనపల్లె మొహం చూడలేదు. వైద్యమంతా తమిళనాడు వైపే. సిస్టరమ్మ కుప్పం పోయిందీ లేదు. అన్నీ గుచ్చి గుచ్చి అడిగాను. ఆ జవాబు చదివినప్పట్నుంచి తనకు కూడు దిగలేదని వాడు ఏడ్చాడు. నాకు కోపం ఎటు పోయిందో తెలియలేదు.

తిరిగొచ్చి సిస్టరమ్మతో ఒక్క మాటే చెప్పాను. అమ్మా, లండన్ ఆమె లేదు, రాసినోడు కుప్పం మనిషి, గొలుసు అమ్మొద్దు. వాడి తల్లి ఊసు నేనింకా ఎత్తలేదు. ఆమె "ఇంకొక్కటి కొట్టు నాయనా" అన్నారు.

"బాబూ, అమ్మ పోయేటప్పుడు పక్కన లేనని కుమిలిపోవద్దు. నువ్వు నీళ్లకు పోయినావు. ఆమెకు తెలుసు. నీ మీద కోపం లేదు."

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే కొట్టాను.

నాలుగో రోజు మునిరత్నం ఫోన్ చేశాడు. గోవిందప్ప ఆ మెయిల్ చదివి కీబోర్డు మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చాడట. అమ్మ తన ఒళ్లోనే పోయిందని భార్యకు కూడా చెప్పుకున్నాడట. నిజానికి ఆ గడియలో బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉన్నాడట.

మీకెట్లా తెలిసిందమ్మా అని సిస్టరమ్మను అడిగాను. "ఏమోప్పా, నోటికి వచ్చినాది చెప్పినా" అన్నారు, అంతే.

నాకూ ఒక కాపీ పంపుకున్న ఆ ఆఖరి మెయిల్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఎన్నిసార్లు తెరిచినా అట్టడుగున నా సెంటరు నంబరే ఉంటుంది. కొట్టింది నేను. నాకు తెలియదు, ఆమెకు తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, వాడు అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మరి ఆ కబురు పంపింది ఎవరని నా భార్య అడుగుతుంది.