ఏడో మాడ్యూల్ దగ్గర వెలిగిన బల్బు

పధ్నాలుగేళ్లు మోశాను. మోసిందేమిటో చెబితే మీకు నవ్వు రావచ్చు. ఇరవై నాలుగు వోల్టుల చిన్న బల్బు ఒకటి, దానికి జానెడు ఎర్ర వైరు. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. దాన్ని మోస్తూనే పేరు తెచ్చుకున్నాను, శాలువా కప్పించుకున్నాను, తిరుపతి లాడ్జీల వాళ్ల చేత ‘ఫైర్ అలారం మేడమ్’ అనిపించుకున్నాను. పోయిన గురువారం దించేశాను. ఆ సంతోషం ఒంట్లో ఉండగానే మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పడం తేలిక.

మాది పలమనేరు పక్కన ఒక పల్లె. నాయనకి పాడి ఆవులు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తానంటే, చీర కట్టుకుని స్తంభాలెక్కుతుందా అని వీధంతా నవ్వింది. స్తంభాలెక్కలేదు. ఒక కంపెనీలో చేరి, నిచ్చెన వేసుకుని లాడ్జీల కప్పుల్లోకి దూరాను. ఫైర్ అలారాలు బిగించాను.

పొగని పసిగట్టే డిటెక్టర్‌ని మీరు చూసే ఉంటారు. రిలే మాడ్యూల్‌ని చూసి ఉండరు. అది సబ్బుపెట్టె అంత ఉంటుంది. పొగ వచ్చిందని కింద ఉండే అలారం ప్యానెల్ కబురు పెట్టగానే దాని లోపల టిక్కుమని ఒక చిన్న స్విచ్చు పడుతుంది. దాని పనల్లా అదే. కానీ ఆ టిక్కుతోనే ఏసీ బ్లోయర్ ఆగిపోయి, పొగని పక్క గదులకి పంపడం మానేస్తుంది. కరెంటు తాళం పడ్డ తలుపు వదులుతుంది. లిఫ్టు, ఎవరు ఏ బటన్ నొక్కినా పట్టించుకోకుండా నేరుగా కిందికి వచ్చి, తలుపులు తెరుచుకుని అక్కడే నిలబడిపోతుంది. అలారం మనుషుల్ని లేపుతుంది, అంతే. బయటికి దారి చేసేది ఈ టిక్కు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. తిరుపతి బస్టాండుకి నడిచి పోగలిగినంత దూరంలో ఒక అయిదంతస్తుల లాడ్జి. పేరు చెప్పను. మా కంపెనీ సూపర్‌వైజర్ మునిరత్నమన్నది చిత్తూరు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నాకు పని నేర్పింది ఆయనే. లాడ్జి ఓనరు నన్ను చూసి, ఆడమనిషిని పెట్టినావేందప్పా అని గొణిగితే, ఆ పాప బిగిస్తే కండ్లు మూసుకొని సంతకం పెడతా అన్నాడట మునిరత్నమన్న. ఆ మాట నా చెవిన పడిన రోజు... నాకు మీసం లేదు గానీ, ఉంటే మెలేసేదాన్ని.

ఏడు మాడ్యూళ్లు బిగించాలి. రెండు బ్లోయర్లకి, మూడు తలుపులకి, ఒకటి వంటగది గ్యాసుకి, ఏడోది లిఫ్టుకి. మొదటి ఆరింటినీ నేను బిగించిన తీరు ఇప్పుడైనా ఎవరైనా వచ్చి చూడొచ్చు. మెయిన్ కరెంటు తీసేసి ఊరుకోలేదు, బ్యాటరీ వైర్లు కూడా విప్పి, మీటర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టాను. బ్లోయర్ కరెంటుని మాడ్యూల్ గుండా పోనివ్వలేదు. అంత కరెంటుని ఆ చిన్న స్విచ్చు తట్టుకోలేదు, అందుకని మధ్యలో కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చు వేరే పెట్టాను. కరెంటు పోయినా సరే తలుపులు వదిలేటట్టే వైరింగ్ చేశాను. ప్రతిదాన్నీ పనిచేయించి, బ్లోయర్ ఆగడం, తలుపు వదలడం కళ్లారా చూశాను. ఆ ఆరింటి గురించి చెప్పుకుంటుంటే ఇప్పటికీ నా గొంతు పెరుగుతుంది. పెరగనీయండి.

ఏడోది?

లిఫ్టు కంట్రోలర్‌లో మేము చెయ్యి పెట్టకూడదు. లిఫ్టు కంపెనీ మెకానిక్ వచ్చి మా వైరు అందుకోవాలి. అతను మద్రాసు నుంచి రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుందన్నాడు. ఫైర్ ఆఫీసు వాళ్ల ఇన్‌స్పెక్షన్ మర్నాడే. మా పనిలో ఒక అలవాటుంది. అసలు యంత్రం సిద్ధంగా లేనప్పుడు, మాడ్యూల్ చివర ఒక బల్బు తగిలించి చూస్తాం. టిక్కుమంటే బల్బు వెలుగుతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ బల్బు విప్పేసి, అసలు వైరు తగిలించి, లిఫ్టు కిందికి దిగడం చూసినప్పుడే పని అయినట్టు. పైన లిఫ్టు మోటారు గదిలో బల్బు తగిలించాను. వెలిగింది. కిందికి దిగి వచ్చేసరికి మునిరత్నమన్న ప్యానెల్ దగ్గర కాగితాలు పట్టుకుని ఉన్నాడు.

“ఏడూ అయిపోయినాయా పాపా?”

“అయిపోయినాయన్నా.”

“లిఫ్టుకు కనెక్షన్ ఇచ్చినాడా మద్రాసాయప్ప?”

“ఇచ్చినాడు.”

“దిగిందా? నువ్వు సూసినావా?”

“సూసినా అన్నా. దిగింది.”

ఆయన సంతకం పెట్టేశాడు. నిజంగానే కళ్లు మూసుకుని పెట్టినట్టు.

మూడు ప్రశ్నలడిగాడు. మూడుసార్లు దారి ఇచ్చాడు. ఒక్కసారైనా ‘లేదన్నా, ఇంకా రెండు రోజులు పడుతుంది’ అంటే ఏమయ్యేది? ఇన్‌స్పెక్షన్ వాయిదా పడేది. ఓనరు నాలుగు మాటలనేవాడు. ఆ నాలుగు మాటల్లో ‘ఆడమనిషి’ అనే మాట ఒకటుంటుందని, అది వినలేననీ అబద్ధమాడానని చాలా ఏళ్లు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఏడుకి ఏడూ చేసిందన్న పేరు నాకు కావాలి. ఆరు చేసిందన్న పేరు వద్దు. ఆ ఒక్కటీ తర్వాత చేసుకోవచ్చులే అనుకున్నాను.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన తలుపులు తోసి చూశాడు, బ్లోయర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. లిఫ్టు దగ్గర గెస్టులు వరుసలో ఉన్నారని ఓనరు బతిమాలితే, కాగితం మీద సూపర్‌వైజర్ సంతకం ఉంది కదా అని వదిలేశాడు. రెండు రోజుల తర్వాత మెకానిక్ వచ్చాడు. ఆ రోజు నేను చిత్తూరులో వేరే పనిలో ఉన్నాను. వైరు చూపించేవాళ్లు లేక తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ పిలవాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ఆ ‘దిగింది’ అన్న మాట బయటపడుతుంది. వారం ఆగాను. నెల ఆగాను. తర్వాత ఆగుతున్నానన్న సంగతి కూడా మరిచిపోవడానికి ప్రయత్నించాను.

ఇంతకాలం ఎవరికీ తెలియలేదా అని మీరడుగుతారు. ప్యానెల్‌కి మాడ్యూల్ బాగుందా లేదా అన్నదే తెలుస్తుంది. దాని అవతల లిఫ్టుందా, బల్బుందా అన్నది దానికి తెలియదు. ఏడో నంబరు ఓకే అని చూపిస్తూనే ఉంది. ఇక ఏటేటా జరిగే ఫైర్ డ్రిల్లు రోజున, గెస్టులెవరూ ఇరుక్కోకుండా లిఫ్టుని ముందే ఆపేసి, దాని ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ అడ్డం వేసేవాళ్లు. ఆగి ఉన్న లిఫ్టు దానంతట అది దిగుతుందో లేదో ఎవరు చూస్తారు?

ఆరేళ్లు గడిచాయి. ఒక పొద్దున, ఎనిమిదింటప్పుడు, మూడో అంతస్తు గదిలో ఎవరో కొండ నుంచి దిగి వచ్చి, పటం ముందు కర్పూరం వెలిగించి స్నానానికి వెళ్లారు. కర్టెన్ అంటుకుంది. అలారం మోగింది. బ్లోయర్లు ఆగాయి, తలుపులు వదిలాయి, గ్యాసు ఆగిపోయింది. నా ఆరు మాడ్యూళ్లూ బంగారంలా పనిచేశాయి. లిఫ్టు మాత్రం మూడో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారని అక్కడికే వెళ్లి తలుపు తెరిచింది. పొగ లోపలికి కమ్ముకుంది. తలుపు దగ్గరుండే సెన్సార్‌కి పొగ అడ్డం పడి తలుపు మళ్లీ మూసుకోలేదు. లోపల లిఫ్టు నడిపే గోవిందప్ప, గుండ్లు చేయించుకున్న ఒక మొగుడూ పెళ్లాం. గోవిందప్ప వాళ్లిద్దరినీ గోడ పట్టించి మెట్ల దాకా నడిపించాడు. వాళ్లకేమీ కాలేదు. ఈయన నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

అప్పటికి నేను సొంతంగా పని పట్టుకుంటున్నాను. ఓనరు నాకే ఫోన్ చేశాడు. మోటారు గదిలోకి ఒక్కదాన్నే వెళ్లాను. బల్బు అలాగే వేలాడుతోంది, బూజు పట్టి. నేను చుట్టిన ఎర్ర టేపు కూడా ఊడలేదు. దాన్ని విప్పి బ్యాగులో వేసుకున్నాను. కిందికి వచ్చి, “లిఫ్టుకి కనెక్షన్ ఇవ్వలేదు సార్, పాత పనిలోనే లోపం” అన్నాను. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు చూడండి. ఓనరు పాత కాగితాలు తీశాడు. బిగించింది నేనే అయినా, లిఫ్టు దిగిందని ఒప్పుకున్న సంతకం మాత్రం మునిరత్నమన్నది.

ఆయన్ని కంపెనీ తీసేసింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఆ పొద్దు నువ్వు దిగిందంటివి గదా పాపా అని అడిగాడు. నాకు గుర్తు లేదన్నా అన్నాను. సరే మ్మా అని ఫోన్ పెట్టేశాడు. మొదటి అబద్ధానికి వయసు, పట్టుదల, భయం అని పేర్లు పెట్టుకోవచ్చు. దీనికి నేనేం పేరు పెట్టను? ముప్పై రెండేళ్ల మనిషిని, పూర్తి తెలివితో ఉండి, నాకు పని నేర్పినాయన నోట్లో మట్టి కొట్టాను.

వారంలో మెకానిక్‌ని రప్పించి ఏడోదాన్ని సరిచేశాను. అందరి ముందూ లిఫ్టు దిగింది. చప్పట్లు కొట్టారు. ఓనరు శాలువా కప్పి, ఎవరూ పట్టుకోలేని తప్పు పట్టుకుంది ఆడపులి అన్నాడు. కప్పించుకున్నాను. ఆ శాలువాతోనే నాకు తిరుపతిలో లాడ్జీలు, చిత్తూరులో కల్యాణ మండపాలు వచ్చాయి. అప్పటి నుంచి నేను గానీ నా మనుషులు గానీ బల్బు చూసి సంతకం పెట్టింది లేదు. లిఫ్టు కదలాలి, తలుపు వదలాలి, కళ్లతో చూడాలి. జాగ్రత్తకి పెట్టింది పేరు అంటారు నన్ను. ఆ జాగ్రత్త యాడ్నుంచి వచ్చిందో ఒక్కరూ అడగలేదు.

ఈ ఏడాది ఒక మండపంలో పని అప్పగించే రోజు, నా దగ్గర పనిచేసే మేరీ అందరి ముందుకీ వచ్చి, “అక్కా, లిఫ్టుది ఇంగా కాలేదు, నేను ఓకే అని రాయను” అనేసింది. మండపం వాళ్లు మొహం మాడ్చుకున్నారు. ఆమె టెస్టర్ జేబులో పెట్టుకుని టీ తాగడానికి వెళ్లిపోయింది. అంతే! నేను పధ్నాలుగేళ్లలో అనలేని మాట ఆమెకి అరనిమిషం పట్టలేదు. మేరీని చూసి పొంగిపోయాను. ఇంటికెళ్లి, బీరువాలోంచి బల్బు తీసి ముందు పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడే చిత్తూరు బస్సెక్కాను. మునిరత్నమన్న ఇప్పుడు మోటార్లకి వైండింగ్ చేసే అంగడి పెట్టుకున్నాడు. బల్బు ఆయన ముందు పెట్టి మొత్తం చెప్పాను. తీగ చుట్టడం ఆపలేదు ఆయన. చివర్న ఒక్కటే అడిగాడు. ఆ లిఫ్టు ఇప్పుడు దిగుతాదా అని. దిగుతాదన్నాను. “నా కండ్లతో సూడాల” అన్నాడు.

గురువారం లాడ్జిలో డ్రిల్లు. ఆయన బస్సులో వచ్చాడు. ఓనరు, స్టాఫు, గోవిందప్ప అందరూ కింద హాల్లో ఉన్నారు. చెప్పేశాను. బల్బు చూపించి మరీ చెప్పాను. ఓనరు మొహం కందగడ్డైపోయింది. లాయరుతో మాట్లాడతానన్నాడు. మాట్లాడనీ. గోవిందప్ప నా వైపు చూసి, ఆ పొగతో బొంగురుపోయిన గొంతుతో అన్నాడు, “కొండ మీద గోవిందా అని అరిస్తే నా గొంతు నాకే ఇనబల్లేదు మ్మా.”

లిఫ్టు ముందున్న ప్లాస్టిక్ కుర్చీని నేనే తీసి పక్కన పెట్టాను. లిఫ్టు ఆపొద్దన్నాను. “నేనెక్కుతా” అన్నాడు మునిరత్నమన్న. గోవిందప్ప ఆయన పక్కన నిలబడి అయిదో అంతస్తు బటన్ నొక్కాడు. మేరీ మూడో అంతస్తులో డిటెక్టర్ కింద అగరొత్తుల కట్ట పట్టుకుంది. నేను కింద, మూసిన తలుపుల ముందు.

అలారం మోగింది. తలుపు పైన అంకె నాలుగు దాకా వెళ్లింది, ఆగింది, తిరిగింది. మూడు. మూడో అంతస్తులో బటన్ నొక్కి పట్టుకోమని ముందే ఒకరికి చెప్పాను. లిఫ్టు లెక్కచేయలేదు. రెండు. ఒకటి. నా ముందు తలుపులు తెరుచుకున్నాయి, తెరుచుకునే ఉండిపోయాయి. లోపల ఇద్దరూ క్షేమంగా నిలబడి ఉన్నారు. చప్పట్లు లేవు. అయినా పండగ చేసుకోవాలనిపించింది నాకు. నా బతుకులో గెలుపంటూ ఒకటుంటే అదే. అబద్ధం అడ్డం లేకుండా చూసిన గెలుపు.

మునిరత్నమన్న మెట్లెక్కి మోటారు గదికి వెళ్లాడు. వైరు లాగి చూసి వచ్చాడు. ప్యానెల్ పక్కనున్న రిజిస్టర్ తెరిచి, నా వైపు తోశాడు.

“ఏడోది దిగింది. ఈసారి సంతకం నువ్వు పెట్టు.”

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. టీ వద్దని, చిత్తూరు బస్సుకి వెళ్లిపోయాడు.

రిజిస్టర్‌లో ఆ రోజు వరసలో రాశాను: పధ్నాలుగేళ్ల కిందట ఏడో మాడ్యూల్‌కి లిఫ్టు తగిలించకుండా బల్బు వేలాడదీసి వదిలింది నేను, మునిరత్నం కాదు. కింద సంతకం పెట్టాను. మీకు రాసిన దీంట్లో నా పేరు ఎక్కడా లేదు. ఆ పుస్తకంలో ఉంది, ఇంటిపేరుతో సహా.