సీసా మూతికి బొటనవేలు

కురుక్షేత్రమంతటి యుద్ధం గురించి చెప్పబోతున్నాను. అంటే, చేపల పులుసు గురించి. యోధులు ఇద్దరే.

పంతొమ్మిదివందల డెబ్బైలలో మా పెదనాన్నకు గుండెపోటు వచ్చింది. కాలవలో పట్టిన కొర్రమీను తినొచ్చు గానీ నూనె తగలకూడదని అమలాపురం డాక్టరుగారు చెప్పారు. నూనె లేని పులుసు పెదనాన్న ముట్టరు. అందుకని మా పెద్దమ్మ ఆయన కళ్లముందే నూనెసీసాను దాకమీద వంచేది, మూతికి బొటనవేలు అడ్డంపెట్టి. చుక్క పడేది కాదు. ఆయన తృప్తిగా తినేవారు. ఇంట్లోనే అంత నటన దొరుకుతున్నా మేం టూరింగ్ టాకీసుకి డబ్బులు తగలేసేవాళ్లం.

ఓ ముసురు సాయంత్రం పెదనాన్న వంటింటి గోడకు చేరబడి, ఆయాసపడుతూ అన్నారు.

"ఇయ్యాలన్నా ఆ వేలు తియ్యవే."

సీసా పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఏ వేలండీ?"

"నాకు మొదట్నించీ తెలుసులే. ఒక్క చుక్క పడనియ్యి."

"ఆయ్," అంది పెద్దమ్మ. సీసా వంచింది. వేలు మాత్రం తియ్యలేదు.

ఆయన పులుసంతా తిన్నారు. తెల్లారేసరికి పోయారు. ఆ చుక్క పడనిచ్చి ఉండాల్సిందా అని పెద్దమ్మ మమ్మల్ని చాలా ఏళ్లు అడిగింది. అడిగినప్పుడల్లా మేం మాట వంట మీదకి మళ్లించేవాళ్లం.

నూనె లేకుండా చేప వండితే మంట సన్నగా ఉంచాలి. లేకపోతే అడుగంటుతుంది.