అట్ట వెనక పాచిక

మొన్న ఆదివారం మా అల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. కుశలప్రశ్నలయ్యాక, మా అమ్మాయి పప్పు మాడ్చిన వైనం చెప్పుకుని నవ్వుకున్నాక, కాసేపు నసిగి, "అత్తయ్యా, మిమ్మల్నొకటి అడగాలి" అన్నాడు. అక్కడ కొత్త స్నేహితులతో మళ్ళీ ఆ పాచికల ఆట మొదలుపెట్టాడట. ఆటలో ఒకమ్మాయి పాత్ర చచ్చిపోయేలా ఉందట. ఆట నడిపేవాడు ఎవరికీ కనపడకుండా పాచిక మీద పడిన అంకె మార్చి చెప్పి ఆ పాత్రని బతికించవచ్చా, అది న్యాయమేనా అని వాళ్ళలో వాళ్ళకి పెద్ద వాదన పడిందట. మీరేమంటారని నన్నడిగాడు. నరసరావుపేట కోర్టులో నకళ్ళ సెక్షన్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనదాన్ని. న్యాయం గురించి ఎవరేమడిగినా తడుముకోకుండా చెప్పడం నాకలవాటు. తీర్పులు ఇచ్చినవాళ్ళకంటే వాటిని టైపు కొట్టినవాళ్ళకే నోరెక్కువ ఉంటుంది. ఆ రోజు మాత్రం పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద పాలు లేవు. ఆ సంగతి అల్లుడికీ తెలుసు.

కరోనా తర్వాత రెండేళ్ళపాటు అతని ఆఫీసు ఇంటి నుంచే నడిచింది. అతనూ అమ్మాయీ మా ఇంట్లోనే మేడ మీద గదిలో ఉండేవారు. అతనిది మాచర్ల. నెమ్మదస్తుడు, పెట్టింది తింటాడు, వంక పెట్టడు. అలాంటి అల్లుడు ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రంగురంగుల పాచికల డబ్బా తెచ్చి హాల్లో కూర్చున్నాడు. ఈ ఆటకి బోర్డు లేదు, పేక ముక్కలు లేవు. ఒకరు కథ చెబుతూ ఆట నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక కాగితం మీద తమ పాత్రని రాసుకుని, కథలో ఆ మనుషులై, ఇప్పుడు నేనిది చేస్తానని చెప్పాలి. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. దానికి ఇరవై ముఖాలు. పెద్ద అంకె పడితే అనుకున్నది అవుతుంది, చిన్నది పడితే కాదు. ఒకటి పడిందా, ఇక దేవుడే దిక్కు. కథలో రాక్షసుల తరఫున ఆట నడిపేవాడే పాచిక వేస్తాడు. అది మాకు కనపడకుండా మా అల్లుడు పురుగుమందుల కొట్టువాళ్ళిచ్చిన పాత క్యాలెండర్ అట్టని మూడు మడతలు పెట్టి తన ముందు తడికలా నిలబెట్టుకునేవాడు. అమ్మాయి మంత్రగత్తె అయింది. నేను తాళాలు తీసే దొంగనయ్యాను. కోర్టులో అంతమందిని చూశాక ఆ మాత్రం సరదా ఉండదా. మా అక్క గొడ్డలి పట్టుకున్న ముసలమ్మ అయింది.

అక్కంటే నా తోడబుట్టినది కాదు, తోడికోడలు, మావారి అన్నగారి భార్య. పక్క వీధిలోనే ఉండేవారు. శావల్యాపురం హైస్కూల్లో లెక్కల టీచరు. పిల్లల్లేరు. బడే ఆవిడ సంసారం. రోజూ పొద్దున్నే క్యారేజీ సర్దుకుని బస్సెక్కేది, ఆదివారం వస్తే ఏం చేయాలో తోచేది కాదు. ఆవిడ కచ్చితం గురించి మా ఇళ్ళలో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఒకసారి సొంత ఆడపడుచు కొడుక్కే ముప్ఫై నాలుగు మార్కులు వేసింది. పాసవ్వాలంటే ముప్ఫై ఐదు కావాలి. ఆ ఒక్క మార్కు కోసం ఊరి పెద్దమనిషి కారేసుకుని వచ్చి అరగంట బతిమాలాడు. ఆవిడ మజ్జిగ ఇచ్చి, "నేనొక మార్కు వేస్తే వాడికి ముప్ఫై ఐదు వస్తయ్ బాబాయ్, లెక్కలు రావుగా" అని పంపించేసింది. ఆడపడుచు రెండేళ్ళు మాట్లాడలేదు. మా అల్లుడిని కూడా, అల్లుడికి మర్యాదగా 'మీరు' అనాలన్న పట్టింపు లేకుండా, క్లాసులో పిల్లాణ్ణి పిలిచినట్టు 'నువ్వు' అనేది. అతనికి అదే ఇష్టంగా ఉండేది.

నా దొంగ నాలుగో ఆదివారమే పోయాడు. పాడుబడ్డ కోటలో బావి మీంచి దూకుతానన్నాను, పాచిక ఒకటి పడింది. "సారీ అత్తయ్యా, పడిపోయారు" అన్నాడు అల్లుడు, తల దించుకుని. నేను ఊరుకోలేదు. మా వైపు గట్టు మూరెడు జరిగినా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టందే అన్నం సహించదు. ఇక ప్రాణం పోతే ఊరుకుంటామా. బావి ఉందని ముందు చెప్పలేదన్నాను, వెలుతురు లేదన్నాను, పాచిక బల్ల అంచుకి తగిలింది కాబట్టి చెల్లదన్నాను. మావారు లోపల్నుంచి, "అత్తని బావిలోకి తోసిన అల్లుడని రేపు ఊరంతా అంటారయ్యా, జాగ్రత్త" అని మరింత ఎగదోశారు. అతను పాపం మెత్తబడి, పోనీ మళ్ళీ వేద్దామా అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "దూకుతానన్నావా లేదా? పడింది పడిందే. పాచికకి ఎవురి మొహం తెలవదు, అందుకే దాని మాట నమ్మబుద్ధయిద్ది. నువ్వు వేరే మనిషిని రాసుకో ఫో" అంది. రాసుకున్నాను. ఆ తర్వాత మేమంతా ఆటలో చాలాసార్లు చచ్చిపోయాం, అక్క గొడ్డలి ముసలమ్మతో సహా. ఆవిడ చచ్చిన ప్రతిసారీ ఇంకో గొడ్డలి ముసలమ్మనే రాసుకునేది. ఎవరెవరి మీదికి రాక్షసుడు ఎన్నిసార్లు వచ్చాడు, ఎన్నిసార్లు దెబ్బ తగిలింది అన్నది ఒక రఫ్ పుస్తకంలో గీతలు పెట్టి రాసేది. పదో తరగతికి సంభావ్యత పాఠం ఉంటుందిగా, ఈ లెక్కలు పిల్లలకి బోర్డు మీద వేసి చూపిస్తానని.

మరుసటి వేసవికి ఆవిడకి కడుపులో నొప్పి మొదలైంది. అన్నం తగ్గింది, జాకెట్లు వదులయ్యాయి. గుంటూరులో స్కాన్ తీయించారు. కారు నడిపింది మా అల్లుడు. ఆవిడని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆవిడ భర్త, మా బావగారినీ, మా అల్లుడినీ లోపలికి పిలిచి డాక్టరు చెప్పాడు. క్యాన్సరు, కాలేయం దాకా పాకింది, ఆపరేషనుకి లొంగదు, నెలల మాట. తిరుగు ప్రయాణంలో దారిపొడుగునా ఆవిడ బడి కబుర్లు చెబుతూనే ఉందట. ఆ సాయంత్రం బావగారు మా ఇంటికొచ్చి నిలబడే చెప్పారు. "అల్సరని చెప్పినా. ఎవురన్నా నోరు జారి దానికి చెప్పారంటే నా మీదొట్టే. తెలిసిందంటే మనిషి పది రోజులు నిలవదు." మిరపకాయల వ్యాపారంలో లారీలకు లారీలు మాటతో అమ్మిన మనిషి, ఆ నాలుగు ముక్కలు చెప్పి మా అరుగు మీద కూర్చుని పిల్లాడిలా ఏడ్చారు. మా వైపు ఇది కొత్తేం కాదు. జబ్బు పడ్డ మనిషికి తప్ప వీధి వీధికంతా జబ్బు పేరు తెలుస్తుంది. పళ్ళు తెచ్చేవాళ్ళు తెస్తుంటారు, గేటు దగ్గర ఏడ్చేవాళ్ళు ఏడ్చి మొహం కడుక్కుని లోపలికొస్తుంటారు. రిపోర్టుల ఫైలు ఆవిడ ఇంట్లో ఉంటే చూస్తుందని నా చేతికిచ్చారు. నా బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. అక్షరం మారకుండా నకలు తీసి, నిజ ప్రతి అని ముద్ర వేయడమే నా బతుకంతా చేసిన పని.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. సెలవు పెట్టించి ఇంట్లో కూర్చోబెట్టాం కాబట్టి ఆవిడకి మిగిలిన సరదా అదొక్కటే. అప్పటినుంచి కథలో రాక్షసులకి ఎక్కడలేని మర్యాద వచ్చింది. నా మీదికీ అమ్మాయి మీదికీ ఎప్పట్లాగే వచ్చేవారు, చంపేవారు. అక్క మీదికి వచ్చినవాడి కత్తి గాల్లోనే తిరిగేది. అట్ట వెనక పాచిక గలగలమనడం వినపడేది, అల్లుడు ఒక్క క్షణం కిందకి చూసి, "తప్పింది పెద్దత్తయ్యా" అనేవాడు. నేను కనిపెట్టాను. అమ్మాయీ కనిపెట్టింది. మంచి పనే చేస్తున్నాడనుకున్నాం. ఆటలోనైనా బతకనీ అనుకున్నాం. మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు, ఆవిడ లెక్కల టీచరని.

ఒకరోజు ఆట మధ్యలో ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ముసలమ్మ ఎదురుగా ఒక బండరాక్షసుడున్నాడు, ఆవిడకి ఇంకొక్క దెబ్బ తగిలితే చాలు. అల్లుడు అప్పుడే తప్పిందన్నాడు. ఆవిడ రఫ్ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ముగ్గురి పేర్లు, వాటి కింద గీతలు. పేజీ మధ్యలో అడ్డంగా ఎర్ర సిరాతో ఒక గీత. "ఈ గీత గుంటూరులో స్కాన్ తీయించిన రోజు" అంది. "వీళ్ళిద్దరికీ గీతకి పైనా కిందా ఒకటే లెక్క. రెండిట్లో ఒకటి తగుల్తంది. నాకు పైన అంతే. కింద ముప్ఫై సార్లొచ్చి రెండుసార్లు తగిలింది. అట్టా జరగదు అల్లుడూ."

"మీ టైం బాగుంది పెద్దత్తయ్యా" అన్నాడతను. అన్నాక తనే తల దించుకున్నాడు.

"పాచికకి నా స్కాన్ సంగతి తెలవదు. నీకు తెలుసు. అందరికీ చావొస్తంది, నాకే రావట్లేదు. ఏంది నాకు?"

వరండాలో పేపరు చూస్తున్న బావగారు లోపలికొచ్చి, "ఆటేగా, ఏందే ఈ రాద్ధాంతం? పద ఇంటికి" అన్నారు. ఆవిడ ఆయన వంక చూడలేదు. నా వంక చూసింది. "ఏమే, నువ్వు చెప్పు. కోర్టులో చేసినదానివి. తెలిస్తే నాకు ఏడుపేం లేదు. గుంటూరు చుట్టూ తిరగడం మానేసి బడికి పోతా. ఆఖరి బెంచీకి గొంతు వినపడినన్నాళ్ళు పాఠం చెప్పుకుంటా. నేనడిగేది అంతే."

ఫైలు పది అడుగుల దూరంలో ఉంది. లేచి తెచ్చి ఆవిడ చేతిలో పెడితే సరిపోయేది, నోరు కూడా విప్పక్కర్లేదు. బావగారు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. పెళ్ళయిననాటి నుంచి ఆయన మాటకి నేనెదురు చెప్పి ఎరగను. "అల్సరేనక్కా" అన్నాను. కళ్ళలోకి చూసి మరీ అన్నాను. చూడకపోతే నమ్మదని.

ఆవిడ "సరేలే" అంది. తర్వాత అల్లుడి ముందున్న అట్టని తనే మడిచి పక్కన పెట్టింది. "ఇప్పుడు అందరి ముందూ వెయ్" అంది. అతను వెయ్యనన్నాడు. వెయ్యమంది. పాచిక దొర్లి దొర్లి పందొమ్మిది దగ్గర ఆగింది. అమ్మాయి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్క పెన్ను తీసి, తన పేరు కింద ఒక గీత పెట్టి, ముసలమ్మ కాగితం మీద "చనిపోయినది" అని గుండ్రటి అక్షరాలతో రాసి తేదీ వేసింది. "ఆఁ, ఇదీ ఆటంటే" అంది. ఆ తర్వాత ఇంకో మనిషిని రాసుకోలేదు.

మళ్ళీ అడగలేదు కూడా. అడిగితే మేలుగా ఉండేది. మూడు వారాలకోసారి గుంటూరు తీసుకెళ్ళి సెలైన్లో మందు ఎక్కించేవారు. వెళ్ళమన్నప్పుడల్లా కారెక్కేది. జుట్టు ఊడి దిండంతా పరుచుకుంటే, "అల్సర్‌కి జుట్టు కూడా ఊడుద్దా ఏందే?" అని నన్నడిగి నవ్వింది. "మందుల వేడక్కా" అన్నాను. "అవునవును, వేడి చానా" అని నా అబద్ధానికి తనే సాయం పట్టింది. బడి నుంచి పిల్లలు చూడ్డానికొస్తే, పది రోజుల్లో తగ్గుద్ది, వచ్చేస్తానని చెప్పి పంపించింది. బావగారు తిండి మానేస్తే, "అల్సర్‌కే ఇంత దిగులైతే ఎట్టాగయ్యా" అని ఆయనకి అన్నం కలిపి పెట్టింది. ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసని మాకూ తెలుసు. కానీ తెలిసినట్టు కనపడితే మేమేమైపోతామోనని ఆవిడ భయం. ఒక మనిషి తన చావు గురించి ఇంట్లో ఒక్కరితోనూ మాట్లాడుకోలేని స్థితికి మేమే తెచ్చాం, ప్రేమతోనే తెచ్చాం. ప్రేమతో చేశామని చెప్పుకుంటే నా తప్పు ఇసుమంత కూడా తగ్గడం లేదు. బడికి ఆవిడ ఒక్క రోజు కూడా వెళ్ళలేదు.

చివరికి గుంటూరు ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేశారు. మధ్యాహ్నం పది నిమిషాలు ఒక్కరినే లోపలికి పంపేవారు. ఆ రోజు నేను వెళ్ళాను. చెయ్యి పట్టుకుని, వంగి, చెవి దగ్గర "అల్సర్ కాదక్కా" అని చెప్పాను. బడికి పోనివ్వాల్సిందక్కా అని కూడా అన్నాను. చేతిలో చెయ్యి కదల్లేదు. ఆవిడకి మత్తు ఇచ్చి రెండు రోజులైందని, ఏం చెప్పినా వినపడదని నర్సమ్మ అంది. టైమైపోయింది, బయటికి రండంది. మర్నాడు పొద్దున ఆవిడ పోయింది.

అట్ట తీసేసిన ఆదివారం నుంచి ఆ పొద్దుటి వరకు ఐదు నెలలు. ఆ ఐదు నెలలూ మేమిద్దరం రోజూ కలిసే ఉన్నాం, చిక్కుళ్ళు ఒలుచుకున్నాం, టీవీ చూశాం, జ్వరం మాత్రలు లెక్కపెట్టుకున్నాం. నిజం చెప్పడానికి పట్టేది ఒక్క క్షణం. అన్ని నెలల్లోనూ నాకు దొరకని ఆ క్షణం, ఇప్పుడు రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చుంటోంది.