రాత్రికి రాత్రే బిగిసిన పాకెట్లు

తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ నాకు భయం కంటే ముందు కోపం వస్తుంది.

తొంభైల్లో సంగతి. మిర్యాలగూడలో కోదాడ రోడ్డు మీద ఒక రైసు మిల్లు ఉండేది. దాని వెనక షెడ్డులో బియ్యం పాకెట్లు కట్టేవాళ్ళు. దుబాయికి పోయే సరుకు. పాకెట్లో బియ్యం పోసి మిషన్లో పెట్టి మూత వేస్తే, పక్కనున్న వాక్యూమ్ పంపు లోపలి గాలంతా లాగేస్తుంది. ఆ వెంటనే అంచు అతుక్కుంటుంది. బాగా కుదిరిన పాకెట్ ఇటుకలా ఉంటుంది. గాలి మిగిలితే దిండులా మెత్తగా ఉంటుంది, ఓడ దిగేలోపే పురుగు పడుతుంది.

పంపు చూసుకునేది నేను. పాకెట్లు కట్టేది మా అక్క సైదమ్మ, నేరేడుచర్ల వైపు నుంచి వచ్చే మరో ముగ్గురు ఆడవాళ్ళు. బావ పోయాక అక్క ఇల్లు ఆ కూలి మీదే నడిచేది.

పంపుకు ప్రత్యేకంగా ఒక నూనె ఉంటుంది. అది పాడైంది, కొత్తది తెప్పించండి అని మిల్లు యజమాని సేటుకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. సేటు ఏం చేశాడో తెలుసా? మిల్లులో పడున్న తవుడు నూనె డబ్బా తెప్పించి, నా కళ్ళ ముందే పంపులో పోయించాడు.

"నూనె నూనెనే కదరా లింగయ్యా. ఇంట్ల పూరీలు చేస్తలేమా దీంతోని," అన్నాడు.

పూరీలు వేరు, పంపు వేరు... ఎవరికి చెప్పాలి? కొన్నాళ్ళకే ఆ నూనె జిగురు కట్టింది. మీటరు ముల్లు సగం దాటి కదిలేది కాదు. ఒక్కో పాకెట్‌కు ఇదివరకటికి రెండింతల సేపు పట్టేది. లైను ఈడుస్తూ నడిచేది. అంత చేసినా పాకెట్లు మెత్తగానే వచ్చేవి.

సేటు వాటిని నొక్కి చూసి ఆడవాళ్ళ మీద పడ్డాడు.

"ముచ్చట్లు పెట్టుకుంట అతికిస్తుండ్రు. రేపు పొద్దుగాల కోదాడ నుంచి సరుకు కొనేటాయన వస్తడు. గిట్లనే ఉన్నయంటే నలుగురు ఇండ్లకు పోవుడే."

అక్క తల దించుకుని విన్నది. బయటికొచ్చాక నా దగ్గరకు వచ్చింది.

"తమ్మీ, పంపు సంగతి నువ్వన్న చెప్పు. మేం చెప్తే ఇంటడా."

నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, రేపు ఆ కోదాడ ఆయన ముందే ఈ మెత్తటి పాకెట్లు పెడతా, పంపు విప్పి ఆ జిగురు చూపిస్తా అనుకున్నా. అప్పుడు ఎవరి తప్పో ఆయనే చెబుతాడు. ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు మా మిల్లులో మిషన్లు తిప్పరు. కొబ్బరికాయ కొట్టి, నూనెలో కలిపిన కుంకుమ బొట్టు పెట్టి వదిలేస్తారు. కోదాడ ఆయన కంట పడకుండా సేటు రాత్రికి రాత్రే ఆ మెత్తటి పాకెట్లు మాయం చేస్తాడేమోనని నా అనుమానం. అందుకే కాపలాగా షెడ్డులోనే పడుకున్నా. షట్టరుకు లోపలి నుంచి తాళం వేశా. ఎవరూ మిషన్ తిప్పకుండా మెయిన్ బోర్డు ఫ్యూజులు పీకి చొక్కా జేబులో పెట్టుకున్నా. మళ్ళీ చెబుతున్నా... ఫ్యూజులు నా జేబులో ఉన్నాయి.

కన్ను అంటుకుంది. ఎంతసేపో తెలియదు.

చిట్...

ఎలుక అనుకున్నా. మిల్లు అన్నాక ఎలుకలు ఉండవా?

చిట్... చిట్...

కర్రతో నేల మీద కొట్టా. ఆగలేదు. టార్చిలైటు వేసి చూశా. గోడ పొడవునా పేర్చిన పాకెట్లు... కదలడం లేదు. కానీ మొదటి పాకెట్ మీద ప్లాస్టిక్ ముడతలు పడుతోంది. మెల్లగా... చాలా మెల్లగా. లోపలికి దిగుతోంది. గింజ గింజా పైకి కనబడుతోంది. నొక్కి చూశా. ఇటుక.

పక్కది... చిట్.

ఆ పక్కది.

వరసగా... ఎవరో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఒక్కో దాని మీద చేయి పెడుతున్నట్టు. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

అప్పుడు వాసన వచ్చింది. తవుడు నూనె కాగిన వాసన.

పంపు వైపు తిరిగా. మోటారు తిరగడం లేదు. చప్పుడు లేదు. జేబు తడిమి చూసుకున్నా... ఫ్యూజులు అక్కడే ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి పంపు మీద చేయి పెట్టి వెంటనే తీసేశా. కాలింది. పొద్దున పెట్టిన కుంకుమ బొట్టు కరిగి కిందికి జారుతోంది. పంపుకున్న చిన్న అద్దంలోంచి లోపలి నూనె కనబడుతుంది కదా... అది వణుకుతోంది.

భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. కానీ దాని మీదే కోపం కూడా వచ్చింది. గట్టిగానే తిట్టా.

"ఆపు. ఇన్ని దినాలు గుంజనిదానివి ఇయ్యాల ఎందుకు గుంజుతున్నవ్? జర ఆగు. పొద్దున దాక ఆగు."

ఆగలేదు. ఒక్కటైనా మెత్తటిది మిగలాలని పరుగెత్తి చివరి పాకెట్ అందుకుని గుండెలకు హత్తుకున్నా. అది నా చేతుల్లోనే... బిగుసుకుంది. బిగుసుకుంటుంటే నా ఊపిరి కూడా అటే పోతున్నట్టు అయింది. అరుద్దామంటే గొంతులో గాలి లేదు.

తెల్లారి షట్టరు మీద సేటు బాదుతుంటే లేచా.

కోదాడ ఆయన పాకెట్లు ఒక్కొక్కటి నొక్కి చూశాడు. "బ్రహ్మాండంగా ఉన్నాయి కదండీ," అన్నాడు. పంపు విప్పి చూడమని నేను బతిమాలా. "సరుకు ఇంత బాగుంటే పంపు విప్పడం ఎందుకండీ," అని నవ్వాడు.

సేటు నా భుజం తట్టాడు. అప్పటికే నలుగురు ఆడవాళ్ళూ పనికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే అన్నాడు.

"నిన్న నేనే నొక్కి సూసిన, అన్ని మెత్తగుండె. ఒక్కడు రాత్రంత కూసోని మళ్ళ కట్టిండు. అదే పంపు, అదే నూనె. మీ నలుగురికి ఏం రోగం?"

"నేను కట్టలే సేటు. కరెంటే లేదు," అన్నా.

"మరెవరు కట్టిండ్రు? దయ్యమా?"

అందరూ నవ్వారు. నలుగురి పనీ ఆ పూటే ఖతం అయింది.

నేనూ మానేశా. ఆ పంపు మళ్ళీ ఎప్పుడూ సరిగా లాగలేదట, సేటు చివరికి అసలు నూనె కొన్నాడట. రాత్రి చలికి ప్లాస్టిక్ ముడుచుకుని ఉంటుందని కొందరన్నారు. చలికి ఇటుక అవుతుందా? పంపు కాలుతుందా? ఎవరో పాపమని మాకు సాయానికే వచ్చారేమో. వాళ్ళ సాయం తగలబడ.

ఆ చివరి పాకెట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. కోయలేదు. అక్క సూర్యాపేటలో ఒక హోటల్లో గిన్నెలు తోముతూ పిల్లల్ని పెంచింది. ఆ పొద్దున మిల్లు గేటు దాటాక ఒక్కసారే అడిగింది.

"నిజం చెప్పు తమ్మీ, నువ్వే కట్టినవా?"

లేదన్నా. ఇప్పుడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా అల్మారాలోంచి ఆ పాకెట్ తీసి బొటనవేలితో నొక్కి చూస్తుంది. తర్వాత నా మొహం చూస్తుంది.